తెల్లపోగు

ఆ రోజు ఇంట్లో అమ్మ, నాన్న, మామ్మ, కామేశం మాష్టారు, డాక్టర్ హైమ గారు, నేను ఉన్నాం. మేక పెరట్లో ఉండాల్సింది, వంటగది గడప దాకా వచ్చి నిలబడింది కాబట్టి దాన్నీ కలుపుకోవచ్చు. అమ్మ గడప పక్కన కూర్చుని కొబ్బరి కోరుతోంది. నాన్న వసారాలో నీళ్ళ మోటారు విప్పి ముందేసుకున్నాడు. మామ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. మాష్టారు మా ఊరి బళ్ళో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు తోట కమిటీకి పెద్ద. ఆయన వెంట వచ్చిన హైమ గారిని నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఒళ్ళో చిన్న కుండీ పెట్టుకున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను. కొత్తవాళ్ళు వస్తే ఇంట్లో నా చోటు అదే. తలుపుకీ గోడకీ మధ్య సందులోంచి మనుషులు సగం సగమే కనిపిస్తారు. మాటలు మాత్రం మొత్తం వినిపిస్తాయి.

కుండీలో పొగడ మొక్క ఉంది. దాని ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఒక ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పండీ," అంది. "మా తోటలో ఆకులూ ఇలాగే ఉంటన్నాయి."

హైమ గారు తలూపి, సంచీలోంచి చిన్న డబ్బా తీశారు. అందులో వెంట్రుకంత సన్నటి దారం చుట్టి ఉంది. దగ్గరగా చూస్తే అది ఒక దారం కాదు, పెనవేసిన రెండు పోగులు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి తెల్లది. ఆవిడ ఒక కొసను సూదితో మొక్క కాండంలోకి గుచ్చారు. రెండో కొసను తన మణికట్టు మీద, చర్మం కింద మెంతిగింజంత ఉబ్బెత్తుగా ఉన్న చోట తగిలించారు.

"ఇప్పుడేమవుద్దమ్మా?" అంది మామ్మ లేచి కూర్చుని.

"కంటికి ఏమీ కనిపించదు మామ్మగారూ. మజ్జిగిస్తే తాగుతాను. ఉప్పు మాత్రం వెయ్యొద్దు."

మజ్జిగ తాగుతూ ఆవిడ చెప్పింది ఇంతే. ఈ చెట్లకి ఉప్పు లోపలికి వస్తే బయటికి పంపడం చేతకాదు. ఆకుల్లో దాచుకుంటాయి, ఆ ఆకులు మాడిపోతాయి. మనిషి ఒంటికి ఆ పని తెలుసు. చెమటలో పంపుతుంది, మూత్రంలో పంపుతుంది, ఏడిస్తే కన్నీళ్ళలోనూ పంపుతుంది. అందుకని చెట్టు ఉప్పును మనిషి కాసేపు మోయాలి. మణికట్టులోని గింజ ఆకుల రసాన్ని రానివ్వదు, ఉప్పునొక్కదాన్నే రానిస్తుంది.

"మనిషి ఒళ్ళు నిండిపోతేనో?" అన్నాడు నాన్న మోటారు మీంచి తలెత్తకుండా.

"దానికే ఈ తెల్లపోగండి. ఆకుపచ్చది ఉప్పు తెస్తుంది. తెల్లది నా రక్తం సంగతి చూసుకుంటూ ఉంటుంది. ఇక తట్టుకోలేను అన్నప్పుడు చాలు అని చెబుతుంది. ఆకుపచ్చది మూసుకుపోతుంది."

మామ్మ కాసేపు ఆలోచించి, "మీ మావయ్యగారికి అలాటిదొకటి కట్టుంటే బాగుండునే రత్నం," అంది అమ్మతో. "కల్లు చాలని ఎవరు చెప్పినా వినేవాడు కాదు."

మాష్టారు నవ్వాపుకోలేక కుర్చీలో కదిలారు. హైమ గారు కూడా నవ్వారు. నేనూ తలుపు వెనక నవ్వాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ అదే కుండీ పట్టుకుని మళ్ళీ వచ్చారు. అమ్మ ఇంకో ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"చప్పగా ఉందండి," అని, గాజులు పైకి తోసుకుని తన చెయ్యి చాపింది. "నాకు పెట్టండి."

మాది గోదావరి పాయల మధ్య ఉన్న లంక. ఊరంతా అంట్లు కట్టుకుని బతుకుతాం. మామిడి, సపోటా, నిమ్మ, గులాబీ, ఏ ఇంటి వెనక చూసినా కుండీల వరసలే. ఆ అంట్లన్నిటికీ తల్లికొమ్మలు పెద్దతోటలోంచి వచ్చాయి. ఎప్పుడో ఒకాయన దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించి, ఒక్కోదానికి పేరు రాసిన రేకు కట్టి పెంచిన తోట అది. ఆయన నాటిన మొదటి చెట్టు తోట నడిమధ్యనున్న పొగడ. దాన్ని పెంచింది మాత్రం అమ్మ వాళ్ళ నాన్న, మా తాత. తాత ఆ తోటకి కాపలాదారు. అమ్మ నడక నేర్చుకున్నదీ అంటు కట్టడం నేర్చుకున్నదీ ఆ పొగడ కిందే.

కొన్నేళ్ళుగా ఎండాకాలం వస్తే సముద్రం పోటు పాయలోంచి పైకి ఎక్కుతోంది. చుట్టుపక్కల పొలాలు రొయ్యల చెరువులయ్యాక నేల అడుగున కూడా ఉప్పే. తోట మాడిపోవడం మొదలైంది. ఊరివాళ్ళు చెయ్యనిది లేదు. మట్టి మోసి గట్టు వేశారు. పడవల్లో మంచినీళ్ళు తెచ్చి పోశారు. మేం బడి అయ్యాక బిందెలు మోసేవాళ్ళం. తోట కౌలు గడువు దగ్గర పడింది. ఈలోగా పైనుంచి ఒక బృందం వచ్చి చూస్తుందట. చెట్లు బతికి ఉంటే రక్షిత తోట అని రాసిస్తారు. చచ్చిపోయి ఉంటే ఆ నేల కూడా రొయ్యలకే పోతుంది.

అందుకని అమ్మ చెయ్యి చాపాక ఊరంతా చెయ్యి చాపింది.

తోటలో పొగడ పక్కన పాత విత్తనాల గది ఉంది. హైమ గారు దాన్నే ల్యాబు చేసుకున్నారు. ఒక్కో ఇంటికి ఒక్కో చెట్టు. సాయంత్రం ఎండ తగ్గాక అందరూ తమ చెట్టు కింద చాప వేసుకుని, దారం తగిలించుకుని కూర్చునేవాళ్ళు. ఒకరు చిక్కుళ్ళు వొలిచేవారు, ఒకరు వల అల్లేవారు. తెల్లపోగు చాలు అన్నప్పుడు గింజ దగ్గర చీమ కుట్టినట్టు అవుతుందట. "నాకు కుట్టిందిరోయ్," అని ఒకరు లేస్తే, "అప్పుడేనా, నీ ఒంట్లో ఉప్పుకి చోటేది, అంతా కొవ్వే కదా," అని పక్క చెట్టు కిందనుంచి మాట వచ్చేది. చిన్నపిల్లలకి గింజ పెట్టరు. నేను పదో తరగతే కాబట్టి బిందె పట్టుకుని అందరికీ నీళ్ళు పోసేదాన్ని. మాట్లాడక్కర్లేని పని. నాకు నచ్చింది.

ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరూ ఉప్పు తినేవారు కాదు. ఆవకాయ జాడీలు అటక ఎక్కాయి. పప్పు చప్పన, చారు చప్పన, చేపల పులుసు కూడా చప్పనే. పెళ్ళిచూపులకి వచ్చిన పొరుగూరి వాళ్ళు ఒక ముద్ద తిని మొహమొహాలు చూసుకున్నారని చెప్పుకుని వారం పాటు నవ్వుకున్నారు. మామ్మ మాత్రం కంచం ముందు కూర్చుని రోజూ ఒకే మాట అనేది.

"ఇన్నాళ్ళూ ఆ తోట ఉప్పు తిని బతికాం. ఇప్పుడు నిజంగానే తింటన్నాం."

ఆకులు తిరిగాయి. ముందు నిమ్మజాతి చెట్లు చిగురేశాయి, తర్వాత పనసలు. అమ్మ చెట్టు చెట్టుకీ వెళ్ళి ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుని చప్పన అంటే ఆ ఇంటివాళ్ళు పండగ చేసుకున్నట్టు ఉండేది. పొగడ ఒక్కటే ఆలస్యం చేసింది. అది పెద్దది, దాని వేళ్ళు తోటంతా పాకి ఉన్నాయి. అమ్మ రోజూ అందరికంటే ముందు వెళ్ళి అందరి తర్వాత లేచేది.

వానలు మొదలై ఏటికి ఎర్రనీళ్ళు వచ్చాక హైమ గారు ఇక దారాలు తీసేయమన్నారు. మనిషి ఒంటికి కూడా విశ్రాంతి కావాలని, వచ్చే ఎండాకాలం మళ్ళీ చూద్దామని చెప్పారు. రెండు పోగులూ కలిపి ఒకేసారి కోసేసి, బడి వసారాలోకి వస్తే గింజలు తీసేస్తానన్నారు.

ఆ మాట వినగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఊళ్ళో ఎవరూ ఏదీ ఒకేసారి కొయ్యరు. అంటు కట్టేటప్పుడు కుండీలో పిల్లమొక్కని తల్లికొమ్మ పక్కకి తెచ్చి, రెంటికీ చెక్కు తీసి, కలిపి కడతాం. అతుక్కున్నాక కూడా తల్లి నుంచి ఒక్కసారిగా విడదియ్యం. ముందు కొమ్మకి సగం దాకా గాటు పెట్టి వదిలేస్తాం. మొక్క బెదరకుండా నిలబడితే కొన్నాళ్ళకి మిగతా సగం కోస్తాం. సగం గాటు పెట్టనివాడి అంటు బతకదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అయినా డాక్టరమ్మ చెప్పింది కదా అని అందరూ కోసేశారు. అమ్మ మాత్రం పొగడ కింద కత్తి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నన్ను దారం లాగి పట్టుకోమంది.

"అమ్మా, రెండూ కలిపి కొయ్యమన్నారు కదా."

"ఆవిడ చదువుకున్నది దారం గురించే. చెట్టుని ఇట్టే కోసేస్తే బెదురుద్ది. ఇప్పుడిప్పుడే కన్ను తెరుస్తంది." అమ్మ రెండు పోగుల్నీ వేళ్ళతో విడదీసి చూసింది. "ఇయ్యాళ ఒకటి. నిలబడ్డాక రెండోది."

ఆకుపచ్చది చెట్టుది కదా అనిపించిందేమో, దాన్ని ముట్టుకోలేదు. తెల్లపోగును అంటుకత్తితో శుభ్రంగా కోసి, కొసకి మైనం రాసి, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. అమ్మ కట్టిన కట్టు ఎప్పుడూ చూడముచ్చటగా ఉంటుంది. ఇదీ అలాగే ఉంది. హైమ గారితో చేతికి పుండు ఉందని, గింజ తర్వాత తీయించుకుంటానని చెప్పింది. దారం లేని గింజ వల్ల ఏమీ కాదని ఆవిడ ఒప్పుకుని పట్నం వెళ్ళిపోయారు.

మొదట మేక కనిపెట్టింది. అమ్మ గడ్డి వెయ్యడానికి వెళితే గడ్డి మానేసి ఆమె చేతులు నాకడం మొదలెట్టింది. మోచేతుల దాకా నాకేది. అమ్మ నవ్వుతూ తోసేసేది. తర్వాత మామ్మ, అమ్మ జాకెట్లు ఉతికేటప్పుడు వీపు దగ్గర తెల్లటి పొడి కనిపిస్తోందని గంజి ఎక్కువైందేమో అంది. వాటికి అమ్మ గంజి పెట్టదు. ఆ తర్వాత మెట్టెలు బిగిసిపోయాయి. వాటిని సబ్బునీళ్ళతో తియ్యబోతే వేళ్ళు పిండిబొమ్మ వేళ్ళలా నొక్కుకుపోయి, ఆ గుంటలు చాలాసేపు అలాగే ఉండిపోయాయి.

అమ్మ బిందెడు నీళ్ళు తాగేది. తాగి, ఇంకా దాహంగా ఉందనేది. రోజూ సాయంత్రం తోటకి వెళ్ళి చీకటి పడేలోగా వచ్చేది. సగం గాటు ఇంకా మానలేదా అని నేను అడిగితే, "ఇంకొన్నాళ్ళు," అనేది.

ఊళ్ళో మళ్ళీ ఉప్పు తింటున్నారు. ఆవకాయ జాడీలు దిగాయి. ఒకరోజు అమ్మ వండిన వంకాయ కూర నాన్న నోట్లో పెట్టుకుని బయటికి ఉమ్మేశాడు.

"ఏటే ఇది, ఉప్పు కుమ్మరించేశావు?"

అమ్మ కొంచెం నోట్లో వేసుకుంది. "చప్పగానే ఉంది కదయ్యా," అంది.

నాన్న ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నిజంగానే అంటోంది. ఆ మధ్యాహ్నం అమ్మ వెనకే తోటకి వెళ్ళాను. ఆమె పొగడ ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుని, "చప్పన," అంది. పక్క నేరేడు ఆకు పెట్టుకుని, "చప్పన," అంది. దారిలో మాడి రాలిన ఒక ఆకు నేను ఏరి ఇచ్చాను. దాని మీద ఉప్పు తెల్లగా కంటికి కనిపిస్తోంది. అమ్మ దాన్నీ నాలిక మీద పెట్టుకుంది.

"ఇదీ చప్పనే. చూశావా, ఎంత బాగుపడిందో."

తోట మాత్రం నిజంగా బాగుపడింది. అంతలా ఎవరూ ఎరగరు. ఏళ్ళ తరబడి మోడుగా ఉన్న కర్పూరం చెట్టు చిగురేసింది. నాగలింగం మాను నిండా మొగ్గ తొడిగింది. పొగడ కాలం కాని కాలంలో పూసింది. తెల్లారేసరికి కింద పూలు పరుపులా ఉండేవి. ఆ వాసన ఏటి అవతలి ఊరికి కూడా వెళ్ళేదట. చూడడానికి పడవల్లో జనం వచ్చేవారు. మాష్టారు వాళ్ళకి రేకుల మీద పేర్లు చదివి వినిపిస్తూ తిరిగేవారు. "మన కష్టం ఫలించింది," అని ఆయన కమిటీ మీటింగులో అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఆ మీటింగుకి రాలేకపోయింది. అంత దూరం నడిస్తే ఆయాసం వస్తోంది.

అప్పటికే ఆమె ఇంటికి రావడం తగ్గించింది. అటూ ఇటూ నడవలేకపోతున్నానని విత్తనాల గదిలో మంచం వేయించుకుంది. గది కిటికీకి ఎదురుగా పొగడ మాను. కిటికీ ఊచల మధ్యనుంచి సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి లోపలికి వచ్చేది. తెలిసినవాళ్ళకి తప్ప కనిపించదు.

బృందం వచ్చే రోజు దగ్గర పడిందని మాష్టారు హైమ గారిని పిలిపించారు. ఆవిడ వచ్చీ రావడంతో తోటంతా తిరిగి నేల పరీక్షించారు. ముందు సంతోషంగా ఉన్నారు, తర్వాత మాట్లాడడం మానేశారు. నేలలో ఎక్కడా ఉప్పు లేదు. వానలకి కొట్టుకుపోవాల్సినదాని కంటే చాలా ఎక్కువ పోయింది. పొగడ దగ్గరికి వచ్చి చేత్తో పూలు పక్కకి తోశారు. కింద నేల సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది.

ఆవిడ కళ్ళు మాను మీదుగా కిటికీ దాకా వెళ్ళాయి. గదిలోకి వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. ప్లాస్టిక్ పట్టీ చుట్టిన ఆ చిన్న కట్టును ఆవిడ చాలాసేపు చూశారు.

"ఇది ఎవరు కోశారు?"

"నేనేనండి," అంది అమ్మ. "ఒకేసారి కోస్తే చెట్టు బెదురుద్దని సగం గాటు పెట్టానండి. తర్వాత రెండోది కోద్దామని."

"మరి ఎందుకు కొయ్యలేదు?"

"కోద్దామనుకునే సరికి పక్క చెట్లు కూడా చిగురేశాయండి."

హైమ గారు మంచం అంచున కూర్చుండిపోయారు. ఆ మాట అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. చాలు అనే పోగు తెగిపోయింది కాబట్టి పొగడ ఆగలేదు. దాని ఆకుల్లోని ఉప్పు అయిపోయాక, తోటంతా పాకిన వేళ్ళతో మిగతా చెట్ల కింది ఉప్పును కూడా లాగింది. లాగినది లాగినట్టు అమ్మలోకి పంపింది. అమ్మ మోసినంత మోసింది. మోయలేనిది పొగడ కాళ్ళ దగ్గర పేరుకుంది. చెట్లన్నీ బతికింది ఊరంతా కూర్చున్నందుకు కాదు. ఆ సంగతి అమ్మకి నెలల కిందటే తెలుసు.

కమిటీ ఆ మధ్యాహ్నమే కూడింది. నాన్నా నేనూ వెళ్ళాం. హైమ గారు నిలబడే చెప్పారు. అమ్మ మూత్రపిండాలు దాదాపు పాడయ్యాయి. ఇప్పుడు దారం కోసి ఆస్పత్రికి తీసుకెళితే ఆమె బతకవచ్చు. కానీ లాగడం ఆగగానే పొగడ కింద పేరుకున్న ఉప్పంతా ఒక్కసారిగా తిరిగి వేళ్ళలోకి, నేలలోకి పాకుతుంది. తోట మిగలదు.

"కొత్త గింజలు తెప్పించండి. మళ్ళీ ఊరంతా కూర్చుంటాం," అన్నారు ఎవరో.

"అవి తయారవడానికి ఎండాకాలం దాకా పడుతుందండి. ఆవిడ అన్నాళ్ళు ఆగలేరు."

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బృందం ఈ వారంలోనే వస్తన్నారు," అన్నారు మెల్లగా. "వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా... నేను అడగకూడదు. తెలుసు."

"అడగకూడదని తెలిసి అడుగుతున్నారేంటండీ?" నాన్న గొంతు నేను ఎప్పుడూ అలా వినలేదు. "అది నా పెళ్ళాం మాష్టారూ. ఉప్పు ఆపడానికి ఏసిన గట్టు కాదు."

తర్వాత వెనక వరసలోంచి ఒకాయన, "ఆవిణ్ణే అడుగుదాం. ఆవిడెలా అంటే అలాగ," అన్నాడు. ఆ మాటకి గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. తలలు ఊగాయి. మనసున్న మంచి మనుషులే అందరూ. నేను నీళ్ళు పోస్తే, చల్లగా ఉండమ్మా అని దీవించినవాళ్ళే.

నేను లేచి నిలబడ్డాను.

"అమ్మని అడగొద్దండి," అన్నాను. "అడిగితే అమ్మ వద్దనదు."

అందరూ నా వైపు తిరిగారు. ఒకావిడ పక్కావిడతో, "రత్నం కూతురికి మాటలొచ్చా," అంది మెల్లగా. ఇంకేమైనా చెబుతానేమోనని చూశారు. కాసేపయ్యాక అందరూ మళ్ళీ మాష్టారి వైపు తిరిగిపోయారు. అడగాలనే నిర్ణయమైంది.

నాన్న వాళ్ళకంటే ముందు తోటకి పరుగెత్తాడు. నేను చేరేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో అమ్మ అంటుకత్తి. మొహం ఏటి వైపు తిప్పుకున్నాడు.

"నావల్ల కాలేదు వేణీ," అన్నాడు. "దారం పట్టుకున్నాను. కోసేద్దామనే. ఇది మా నాయిన పెంచిన చెట్టయ్యా అంది. అంతే. నువ్వెళ్ళు. నీ మాట వింటదేమో."

కత్తి నాకిచ్చాడు.

పూల మీద అడుగులు వేసుకుంటూ వెళ్ళాను. ఎటు చూసినా పచ్చదనమే. కొత్త చిగుళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. రేకుల మీద పేర్లు ఎవరో కొత్తగా రంగు వేసి రాశారు. నాకు ఆ చెట్లంటే కోపం తెచ్చుకుందామనిపించింది. రాలేదు. వాటి మధ్యే పెరిగాను.

విత్తనాల గది తలుపు తీసే ఉంది. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. పెదాలు పగిలి ఉన్నాయి. చేతి నుంచి కిటికీ దాకా ఆ ఆకుపచ్చ గీత.

"ఎవరన్నా వస్తన్నారా?" అంది.

"అందరూ వస్తున్నారు. నిన్ను అడగడానికి."

"అడగడానికేముంది," అంది అమ్మ. తర్వాత నా చేతిలో కత్తి చూసింది. "అలా తడిచేత్తో పట్టుకోకు. తుప్పు పడుద్ది."

నా చెయ్యి చెమటతో తడిగా ఉందని అప్పుడే తెలిసింది. అమ్మ కత్తి తీసుకుని, కొంగుతో అంచు తుడిచి, లోపల గూట్లో పెట్టింది. నేను ఇవ్వకుండా గట్టిగా పట్టుకుని ఉండవచ్చు. అమ్మ అడిగితే ఇవ్వకుండా ఉండడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"ఇంటికి రా అమ్మా."

"ఎండాకాలం దాకా చూద్దాం."

"డాక్టరుగారు నువ్వు అన్నాళ్ళు..."

"నాకు తెలుసే."

ఏటి మీంచి గాలి వచ్చింది. పూలు రాలాయి. కొన్ని అమ్మ జుట్టులో పడ్డాయి. వాటి వాసన ఎలా ఉందో ఆమెకి తెలుస్తోందో లేదో అడుగుదామనుకుని అడగలేదు. దూరంగా గట్టు మీద మాష్టారూ వెనక జనమూ వస్తున్నారు. చాలామంది చెప్పులు చేత్తో పట్టుకుని, పూలు తొక్కకుండా పక్కపక్కనుంచి నడుస్తున్నారు.

నేను గాజులు పైకి తోసుకున్నాను. మణికట్టు అమ్మ ముందుకి చాపాను.

"నాకూ కట్టు. డాక్టరుగారు తన చేతి గింజ తీయించుకుని డబ్బాలో దాచుకున్నారు, నేను చూశాను. తెల్లపోగు లేకపోయినా పర్లేదు. నువ్వు సగం, నేను సగం. ఇద్దరం మోస్తే ఎండాకాలం దాకా..."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి ఇసుకలా గరగరలాడింది. బొటనవేలితో నా మణికట్టు మీద, గింజ ఉండే చోట, ఒకసారి రాసింది. లేత కొమ్మకి చెక్కు తీసేముందు ఎక్కడ తియ్యాలో చూసుకునేటప్పుడు అలాగే రాస్తుంది. ఒప్పుకుందనుకున్నాను.

ఆమె నా గాజుల్ని మళ్ళీ కిందికి లాగి, చెయ్యి వదిలేసింది.

"చాలు," అంది. "ఇంటికెళ్ళు."

నేను కదల్లేదు. అమ్మ నన్ను భుజం మీద చెయ్యి వేసి ఒక అడుగు వెనక్కి నెట్టింది. మెల్లగానే నెట్టింది. తర్వాత తలుపు వేసి లోపల గడియ పెట్టుకుంది.